సర్రేకి మారుతున్నారా? ఒక వల్లకాడు, ఒక కాలవ, కాటన్ దొర

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీరు గుంటూరు వాళ్ళు, నాలుగేళ్ళుగా లండన్ ఈస్ట్ హామ్‌లో ఉంటున్నారు, ఇప్పుడు ఆఫీసు పక్కనున్న సర్రే కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) గిల్డ్‌ఫర్డ్‌కి మారుతోంది. సర్రే అంటే లండన్‌లో సంపాదించుకుని రాత్రికి వచ్చి పడుకునేవాళ్ళ కౌంటీ అనీ, అక్కడ చరిత్రా గిరిత్రా ఏమీ ఉండదనీ తోటివాళ్ళు అంటున్నారు. పిల్లలకు చూపించడానికి ఏమైనా ఉందా, మనవాళ్ళకు సంబంధించింది ఏదైనా ఉందా అని.

మాది రావులపాలెం దగ్గర పల్లె. అదే సర్రేలోని వోకింగ్ ఊరికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అందులో పద్నాలుగేళ్ళు రోజూ లండన్ వాటర్లూ స్టేషనుకి రైలెక్కాను కాబట్టి ఆ పడుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మొదటి అయిదారేళ్ళు నేనూ మీ ఆఫీసువాళ్ళ మాటే అన్నాను. ఒక ఆదివారం డార్కింగ్‌లో ఒక సమాధి ముందు నిలబడ్డాక అనడం మానేశాను. ఆ సంగతి చివర్లో చెప్తాను. అది మనసుకు పట్టాలంటే ముందు ఇక్కడి నేల, నీళ్ళు, రైలు గురించి కొంచెం తెలియాలి.

ముందు అసలు సర్రే ఎక్కడుందో తేల్చుకోవాలి. నవ్వకండి, ఇది నిజంగానే చిక్కు ప్రశ్న. 2025 ఆగస్టులో మన సిరాజ్ ఆఖరి రోజు ఇంగ్లండ్‌ని పడగొట్టి ఆరు పరుగుల తేడాతో గెలిపించాడు చూడండి, ఆ ఓవల్ మైదానం సర్రే క్రికెట్ క్లబ్బుది. 1845లో క్లబ్బు పెట్టినప్పుడు అది సర్రే నేలే. 1889లో లండన్ కౌంటీ అని కొత్తగా ఏర్పాటు చేసి కెన్నింగ్టన్, లాంబెత్, బాటర్‌సీ అన్నీ అందులో కలిపేశారు. మైదానం అక్కడే ఉంది, కౌంటీ దాని కాళ్ళకింద నుంచి జరిగిపోయింది. 1965లో మళ్ళీ కోత పడింది. క్రోయిడన్, సట్టన్, కింగ్‌స్టన్, రిచ్‌మండ్, వింబుల్డన్ లండన్‌కి పోయాయి. పోయినదానికి బదులన్నట్టు మిడిల్‌సెక్స్ నుంచి స్టెయిన్స్, సన్‌బరీ ఇటు వచ్చాయి. అందుకే సర్రే అంతా థేమ్స్‌కి దక్షిణాన ఉంటే ఆ ముక్క ఒక్కటి అవతలి ఒడ్డున ఉంటుంది. 1974లో గ్యాట్విక్ విమానాశ్రయం వెస్ట్ ససెక్స్‌కి పోయింది. అన్నిటికంటే విడ్డూరం కౌంటీ కౌన్సిల్ సంగతి. కింగ్‌స్టన్ లండన్‌లో కలిశాక కూడా యాభై ఏళ్ళకు పైగా సర్రే పరిపాలన కింగ్‌స్టన్ నుంచే నడిచింది, అంటే పక్క కౌంటీలో కూర్చుని. ఈమధ్యనే రైగేట్‌కి మారారు. ఇక 2027 ఏప్రిల్ నుంచి ఇప్పుడున్న కౌన్సిళ్ళన్నీ తీసేసి తూర్పు సర్రే, పడమటి సర్రే అని రెండే ఉంచాలని ప్రభుత్వం నిర్ణయించింది. మీరు చూస్తున్న గిల్డ్‌ఫర్డ్ పడమటిది, డార్కింగ్ తూర్పుది. జిల్లాలు విడదీయడం, కలపడం మనకేం కొత్త కాదు కాబట్టి మీకు అలవాటు పడడం కష్టం కాదు.

ఇక నేల. వోకింగ్ నుంచి బ్యాగ్‌షాట్ వైపు కారులో వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా ఇసక నేల, హెదర్ పొదలు, సరుగుడు తోటల్లా కనిపించే పైన్ చెట్లు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ రైతుబిడ్డ కంటితో చూస్తే అక్కడ ఏదీ పండదు. 1720లలో ఆ దారిన వెళ్ళిన డేనియల్ డీఫో దాన్ని అరేబియా ఎడారితో పోల్చాడు. గిల్డ్‌ఫర్డ్, డార్కింగ్ దగ్గరకొస్తే సుద్ద కొండల వరస తూర్పు పడమరలుగా పరుచుకుని ఉంటుంది. దాన్ని వే నది ఒకచోట, మోల్ నది ఇంకోచోట కోసుకుని ఉత్తరంగా థేమ్స్‌లోకి పోతాయి. ఆ రెండు గండ్ల దగ్గర వెలిసిన ఊళ్ళే గిల్డ్‌ఫర్డ్, డార్కింగ్. కౌంటీ పడమటి సగం మాత్రం ఎవరికీ అక్కర్లేని బీడు. ఈ రోజు ఇళ్ళ ధరలు చూసి గుండె పట్టుకుంటున్నారే, ఆ పడమటి ఊళ్ళు చాలా మటుకు ఈ పనికిరాని నేల మీదే ఉన్నాయి. గోల్ఫ్ మైదానాలు, పిర్‌బ్రైట్ సైనిక శిబిరాలు, బిస్లీ తుపాకీ గురి మైదానాలు కూడా ఇటే రావడానికి కారణం అదే. చవగ్గా దొరికింది, అడిగేవాడు లేడు.

మా వోకింగ్ కథ వింటే ఇది బాగా తెలుస్తుంది. 1838 మే నెలలో లండన్ నుంచి సౌతాంప్టన్ వైపు వేస్తున్న రైలు మార్గం ఇక్కడిదాకా వచ్చింది. స్టేషన్ పెట్టింది ఊళ్ళో కాదు, బీట్లో. అసలు ఊరు, అంటే ఇప్పుడు ఓల్డ్ వోకింగ్ అంటున్నది, అక్కడికి మైలు పైనే. ఆ తర్వాత పదేళ్ళకు లండన్‌లో కలరా. చర్చి ఆవరణల్లో శవాలు పూడ్చడానికి జాగా లేక పాత సమాధులు తవ్వి కొత్తవి దింపుతున్న రోజులు. అప్పుడు ఒక కంపెనీకి ఆలోచన వచ్చింది: పాతిక మైళ్ళ అవతల పనికిరాని బీడు ఉంది, దాని మీదుగా రైలూ ఉంది, శవాల్ని రైల్లో పంపిద్దాం. 1852లో పార్లమెంటు చట్టం చేసింది. లండన్ నెక్రోపొలిస్ కంపెనీ వోకింగ్ బీటిలో రెండు వేల ఎకరాలకు పైగా కొని, 1854 నవంబరులో బ్రూక్‌వుడ్ శ్మశానం తెరిచింది. వాటర్లూ పక్కన శవాలకోసమే ప్రత్యేకంగా ఒక స్టేషను. శవానికి సింగిల్ టికెట్టు, వెంట వచ్చేవాళ్ళకు రిటర్న్ టికెట్టు. మొదటి తరగతి శవపేటికకు ఒక పౌండు, మూడో తరగతిదానికి రెండున్నర షిల్లింగులు. చచ్చాక కూడా తరగతి పోలేదన్నమాట. శ్మశానం లోపల రెండు స్టేషన్లు, ఒకటి ఆంగ్లికన్ చర్చి వాళ్ళకు, ఇంకోటి మిగతా మతాలందరికీ. ఈ చార్జీలు మామూలు రైలు కంటే చవకని, గోల్ఫ్ ఆడేవాళ్ళు నల్ల కోట్లేసుకుని ఏడుపు ముఖాలు పెట్టి ఎక్కేవాళ్ళని ఇక్కడ ముసలాళ్ళు చెప్పుకుని నవ్వుతారు. 1941 ఏప్రిల్‌లో జర్మన్ బాంబులు పడి వాటర్లూ దగ్గరి ఆ స్టేషను పోయాక శవాల రైలు మళ్ళీ నడవలేదు.

ఇంతకీ కంపెనీ వేసుకున్న లెక్క ప్రకారం శవాలు రాలేదు. చేతిలో వందల ఎకరాలు మిగిలిపోయాయి. చట్టం మార్పించుకుని ఆ మిగులు భూమి ప్లాట్లు వేసి అమ్మింది. నేను రోజూ కూరలు కొనుక్కునే బజారు, మా పిల్లలు చదివిన బడి, స్టేషను చుట్టూ ఉన్న ఊరంతా అలా పుట్టిందే. వల్లకాటి కంపెనీ వేసిన వెంచర్ మా ఊరు. మనవాళ్ళు ఇల్లు కొనేముందు వాస్తు చూపించుకుంటారు కదా, నాకు ఇది తెలిసేసరికి రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇంతవరకూ ఏమీ కాలేదు.

ఆ మిగులు భూమిలోనే ఒక ముక్క దహన సంఘం వాళ్ళు కొన్నారు. శవాన్ని కాల్చడం అనేది మనకు తాతముత్తాతల నాటి సంగతి గానీ ఇక్కడివాళ్ళకు అది ఘోరం. 1879లో కొలిమి కట్టి ముందు ఒక గుర్రాన్ని కాల్చి చూశారు. ఊళ్ళోవాళ్ళు గొడవ చేసి ఆపించారు. చట్టం అడ్డు లేదని వేల్స్‌లో ఒక కేసు తేల్చాక, 1885 మార్చిలో మొదటి మనిషి దహనం జరిగింది. బ్రిటన్‌లో మొట్టమొదటి దహనవాటిక అది. ఇప్పటికీ పనిచేస్తోంది. మన తెలుగు సంఘంలో ఇద్దరు పెద్దవాళ్ళకు అక్కడే అంత్యక్రియలు చేశాం.

అదే భూమిలో, రైలు పట్టాల పక్కనే, పచ్చటి గుమ్మటం ఒకటి కనిపిస్తుంది. లండన్ రైల్లో కుడి ఎడమలు చూడకుండా ఫోనులో తల పెట్టుకుంటే కనబడదు. షాజహాన్ మసీదు. తాజ్‌మహల్ షాజహాన్ కాదు, భోపాల్‌ని ఏలిన బేగం షాజహాన్. లాహోర్‌లో కాలేజీ ప్రిన్సిపాలుగా చేసిన లైట్నర్ అనే పండితుడు ఇక్కడ ఒక పాత భవనం కొని ప్రాచ్య విద్యాలయం పెట్టాడు. ఆయన 1889లో కట్టించిన మసీదు ఇది. బేగం డబ్బిచ్చింది కాబట్టి ఆమె పేరు. మసీదుగానే వాడడానికి ఈ దేశంలో కట్టిన మొదటి కట్టడం. దాని పక్కన ఇమాము ఉండే ఇల్లు చూడండి, దాని పేరు సర్ సాలార్‌జంగ్ మెమోరియల్ హౌస్. హైదరాబాదు దివాను సాలార్‌జంగే. నేను ఆ పేరు చదివినప్పుడు ముందు నమ్మలేదు, మ్యూజియం గుర్తొచ్చి నవ్వొచ్చింది.

హైదరాబాదు ముడి అక్కడితో అయిపోలేదు. ఖురాన్‌ని ఇంగ్లీషులోకి అనువదించిన మార్మడ్యూక్ పిక్తాల్ అనే ఆయన 1925 నుంచి 1935 వరకు నిజాం కొలువులో ఉన్నాడు. చాదర్‌ఘాట్ హైస్కూలుకి హెడ్మాస్టరుగా చేశాడు. నిజాం సెలవిచ్చి పంపితే అనువాదం పూర్తి చేశాడు, 1930లో అచ్చయింది. 1936లో పోయాక బ్రూక్‌వుడ్‌లో పూడ్చారు. మరో ప్రసిద్ధ అనువాదం చేసిన అబ్దుల్లా యూసుఫ్ అలీ సమాధి కూడా ఇదే శ్మశానంలో ఉంది. ఆ పక్కన పార్సీల భాగంలో జంషెడ్‌జీ టాటా, ఆయన కొడుకులు దొరాబ్‌జీ, రతన్‌జీ ఉన్నారు. టాటా వాళ్ళ ఆఫీసులో పనిచేసే కుర్రాళ్ళని తీసుకెళ్తే నోరెళ్ళబెడతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి బ్రైటన్ ఆసుపత్రుల్లో చనిపోయిన మన ముస్లిం సైనికులకు హార్సెల్ బీట్లో 1917లో చిన్న ఖననస్థలం కట్టారు. 1968లో వాళ్ళనీ బ్రూక్‌వుడ్‌కే మార్చారు, పాత చోటుని ఇప్పుడు శాంతివనంగా ఉంచారు. పిల్లలకు సమాధులు విసుగు పుడితే అదే హార్సెల్ బీట్లో అంగారక గ్రహం వాళ్ళు దిగినట్టు హెచ్.జి. వెల్స్ కథ రాశాడని చెప్పండి. 1895లో ఆయన స్టేషను దగ్గరే కాపురం ఉండేవాడు. మూడు కాళ్ళ మార్షియన్ యంత్రం బొమ్మ ఊరి నడిబొడ్డున ఉంది, మా చిన్నవాడు దాని కాళ్ళ మధ్యనుంచి దూరకుండా ఇంటికి వచ్చేవాడు కాదు.

ఇళ్ళ ధరలెందుకు ఇలా ఉన్నాయని మీరు అడగలేదు గానీ అడుగుతారు. రైలే కారణం, ఆ తర్వాత రైలుకి వేసిన కళ్ళెం కారణం. 1925లో గిల్డ్‌ఫర్డ్‌కి కోబమ్ మీదుగా కరెంటు రైలు వచ్చింది, 1937లో వోకింగ్ మీదుగా పోర్ట్స్‌మత్ దాకా. పట్టాల పక్కన మూడో పట్టా కనిపిస్తుంది చూడండి, కరెంటు అందులోనే వస్తుంది. పైన తీగలుండవు కాబట్టి పిల్లల్ని పట్టాల దగ్గరికి పోనివ్వకండి. కరెంటు రైలు రాగానే లండన్ దక్షిణాదికి పాకింది, స్టేషను స్టేషనుకీ జంట ఇళ్ళ వరసలు. అలా వదిలేస్తే సముద్రం దాకా ఊరే ఉండేది. 1938 గ్రీన్ బెల్ట్ చట్టం, 1947 ప్రణాళికా చట్టం, 1955లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు, ఈ మూడూ కలిసి ఆపేశాయి. ఈ రోజు సర్రే నేలలో దాదాపు నాలుగింట మూడు వంతులు గ్రీన్ బెల్ట్ కింద ఉంది, కట్టడానికి వీల్లేదు. ఇంగ్లండ్‌లో చెట్లు ఎక్కువగా ఉన్న కౌంటీ కూడా ఇదే. అంటే లండన్‌కి అరగంట దూరం, చుట్టూ అడవి, కొత్త ఇల్లు కట్టనివ్వరు. మరి ధర ఎక్కడాగుతుంది? ఇంకో మాట, వోకింగ్‌లో చూస్తే కౌన్సిల్ టాక్స్ సంగతి కూడా చూసుకోండి. మా కౌన్సిల్ ఆకాశహర్మ్యాలు కట్టించి 180 కోట్ల పౌండ్ల పైచిలుకు అప్పు చేసి 2023 జూన్‌లో చేతులెత్తేసింది. ఆ ఎత్తు మేడలు రైల్లోంచి చాలా దూరం నుంచే కనిపిస్తాయి.

పిల్లలకు చూపించడానికంటే నాకు ఠక్కున గుర్తొచ్చేవి. గిల్డ్‌ఫర్డ్ క్రికెట్‌కి పుట్టిల్లు అనేంత మాట అనను గానీ, ఆ ఆట పేరు నికరంగా కాగితం మీద కనిపించే మొదటి చోటు అదే. 1598లో ఒక జాగా తగాదా కోర్టుకెక్కితే, 59 ఏళ్ళ జాన్ డెరిక్ అనే ఆయన సాక్ష్యం చెప్తూ, బడిపిల్లాడిగా ఉన్నప్పుడు ఆ జాగాలోనే క్రికెట్ ఆడుకున్నామన్నాడు. అంటే 1550 ప్రాంతంలో. స్థలం తగాదా లేకపోతే ఆ ముక్క మనకు తెలిసేదే కాదు. వేబ్రిడ్జ్ దగ్గర బ్రూక్‌లాండ్స్‌లో 1907లో కట్టిన కారు పందేల ట్రాక్ ముక్కలున్నాయి, కాంకార్డ్ విమానం ఎక్కనిస్తారు, ఒక రోజు పూర్తిగా పడుతుంది. రన్నీమీడ్ పచ్చిక మైదానంలో 1215 జూన్ 15న జాన్ రాజు చేత మాగ్నా కార్టా, అంటే రాజు అధికారానికి హద్దులు పెట్టిన పత్రం, ఒప్పించారు. చరిత్ర పుస్తకంలో గొప్పగా ఉంటుంది గానీ అక్కడికెళ్తే గడ్డీ ఆవులూ. ఎప్సమ్ పేరు మన ఇళ్ళల్లో మందుల డబ్బామీద చదివినదే, ఆ చేదు ఉప్పు దొరికింది అక్కడి బావి నీళ్ళలో. 1780 నుంచి డర్బీ గుర్రప్పందెం అక్కడే, 1913లో ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం ఎమిలీ డేవిసన్ రాజుగారి గుర్రానికి అడ్డం వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నది ఆ పందెంలోనే. గొడాల్మింగ్ చిన్న ఊరు, కానీ 1881లో వే నది మీద నీటిచక్రం తిప్పి వీధిదీపాలకు, అడిగినవాళ్ళ ఇళ్ళకు కరెంటిచ్చింది. ఊరికి కరెంటు అమ్మడం ప్రపంచంలో అక్కడే మొదలు. మూడేళ్ళకు గిట్టుబాటు కాక మళ్ళీ గ్యాసు దీపాలకు పోయారు.

మన దేశం ముడి ఉన్నవి ఇంకో రెండు. గిల్డ్‌ఫర్డ్ పక్కన చిల్‌వర్త్‌లో అడవి మధ్య శిథిలమైన తుపాకిమందు మిల్లులున్నాయి. 1626లో వాటిని మొదలుపెట్టింది ఈస్టిండియా కంపెనీ. ఈషర్‌లో క్లేర్‌మాంట్ తోట ఉంది. 1769లో ఆ ఎస్టేటు కొన్నది రాబర్ట్ క్లైవ్. ఉన్న ఇల్లు పడగొట్టి కొత్తది కట్టించాడు, అందులో సుఖంగా నాలుగు రోజులు ఉండకుండానే 1774లో పోయాడు. 1765లో మొగలు చక్రవర్తి దగ్గర ఉత్తర సర్కార్ల మీద ఫర్మానా రాయించుకున్నది ఈ క్లైవే. శ్రీకాకుళం నుంచి కొండపల్లి దాకా కంపెనీ చేతికి పోవడానికి ఆ కాగితమే మొదలు. మీ గుంటూరు సర్కారు మాత్రం 1788 వరకు వాళ్ళకు దక్కలేదు. తోట చాలా బాగుంటుంది, చెరువు, మెట్లు మెట్లుగా పచ్చిక. నేను మాత్రం అక్కడ ఎప్పుడూ మనశ్శాంతిగా సమోసా తినలేకపోయాను.

ఇప్పుడు నీళ్ళ సంగతి. గిల్డ్‌ఫర్డ్‌లో మీ ఆఫీసు నుంచి పది నిమిషాలు నడిస్తే వే కాలవ గట్టు వస్తుంది. భోజనం అయ్యాక అక్కడ నడవండి. సర్ రిచర్డ్ వెస్టన్ అనే భూస్వామి హాలండ్ వైపు చూసొచ్చిన లాకుల (నీటిమట్టం మార్చి పడవని ఎక్కించి దింపే తలుపుల) పద్ధతి పట్టుకుని, నదిని అక్కడక్కడ తవ్వి వంకర తీసి, పడవలు నడిచే కాలవగా మార్చే పని పెట్టాడు. ఆయన పోయాక 1653లో పూర్తయింది. గిల్డ్‌ఫర్డ్ నుంచి థేమ్స్ దాకా, అక్కడి నుంచి లండన్ దాకా పడవలు. ధాన్యం, పిండి, కలప, చిల్‌వర్త్ తుపాకిమందు అన్నీ దీని మీదే పోయేవి. రైలు వచ్చింది, కాలవ పడుకుంది. ఇప్పుడు దాని మీద సెలవు పడవలు తప్ప సరుకు పడవ లేదు. ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు అంటారే, ఈ కౌంటీలో ఆ సామెత అక్షరాలా జరిగింది.

మొదటిసారి ఆ లాకు తలుపులు చూసినప్పుడు నాకు మా ఊరి కాలవ గుర్తొచ్చింది. గోదావరి కాలవల మీద లాకులు చూసి పెరిగినవాడికి ఇవి చుట్టాల్లా ఉంటాయి. ఆ లాకులు కట్టించిన మనిషి చదువు సర్రేలోనే మొదలైందనీ, ఆయన ప్రాణం ఈ కౌంటీలోనే పోయిందనీ అప్పటికి నాకు తెలియదు.

ఆర్థర్ కాటన్ 15 ఏళ్ళ వయసులో, 1818లో, క్రోయిడన్ దగ్గర అడిస్కోంబ్‌లో ఉన్న ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చేరాడు. అప్పట్లో అది సర్రే. ఆ బడి 1861లో మూతపడింది, ఇప్పుడు అదంతా లండన్ ఇళ్ళు. అక్కడి నుంచి మద్రాసు ఇంజనీర్ల దళంలోకి పోయి, ముందు కావేరి, కొళ్ళిడం మీద పనిచేశాడు. 1832-33 డొక్కల కరువు గురించి మీ గుంటూరు పెద్దవాళ్ళ నోట వినే ఉంటారు. గోదావరి పక్కన కూడా అంతకంటే మెరుగేమీ లేదు, ఏటి నిండా నీళ్ళు సముద్రంలోకి పోతుంటే ఒడ్డున జనం చచ్చారు. కాటన్ గోదావరి మీద ఆనకట్టకి నివేదిక రాశాడు, 1847లో పని మొదలుపెట్టి 1852లో ముగించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయలకీ నాలుగు ముక్కలు. ఆయన మాట మీదే, కెప్టెన్ ఆర్ చేతుల మీదుగా, 1855 కల్లా బెజవాడ దగ్గర కృష్ణకి కూడా ఆనకట్ట లేచింది. మీ ఇంట్లో అన్నం, మా ఇంట్లో అన్నం రెండూ ఆ ఎనిమిదేళ్ళ పనిలోంచి వచ్చినవే. మా తాత స్నానం చేస్తూ చెప్పే సంకల్పంలో కాటన్‌ని భగీరథుడని తలుచుకునే శ్లోకం ఉండేది. ఒక తెల్లదొర పేరు సంకల్పంలో ఎందుకని నేను అడిగితే, నువ్వు పొద్దున తిన్న చద్దన్నం ఎవరిదిరా అన్నాడు.

ఇక్కడ అసలు ముడి ఉంది. కాటన్ ఊరికే ఆనకట్టలు కట్టినాయన కాదు, రైళ్ళకు ఎదురు నిలబడ్డాయన. హిందూదేశంలో డబ్బంతా పట్టాల మీద పోస్తున్నారు, అదే డబ్బుతో పడవలు నడిచే కాలవలు తవ్వితే పొలానికి నీళ్ళూ వస్తాయి, సరుకూ చవగ్గా పోతుంది, కరువులో జనం బతుకుతారు అని జీవితాంతం వాదించాడు. నదుల్ని కలపాలన్నాడు. రిటైరై ఇంగ్లండ్ వచ్చాక కూడా ఊరుకోలేదు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని ఇదే చెప్పాడు. కమిటీ ఒప్పుకోలేదు. పట్టాలే గెలిచాయి. అలా ఓడిన మనిషి చివరి దశాబ్దాలు గడపడానికి చేరింది ఎక్కడికి? రైలు పుట్టించి, రైలు పెంచి, కాలవల్ని పడుకోబెట్టిన ఈ సర్రేకి. డార్కింగ్‌లో ఇల్లు. ఇంటి చుట్టూ ఉన్న నేలలో లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేస్తూ ఉండేవాడట, తొంభై దగ్గరపడ్డా. డార్కింగ్‌లో అప్పటికే రైలు స్టేషన్లున్నాయి. ఆ ఈల వింటూ ఏమనుకునేవాడో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఆయన కూతురు ఎలిజబెత్ కథ వేరు. 1870లలో డార్కింగ్‌లో కూలీనాలీ తాగుడు మానాలని కాఫీ గది పెట్టి, బైబిలు చెప్పి, కాఫీ పోసేది. ఒక అడ్మిరల్‌ని పెళ్ళాడి లేడీ హోప్ అయింది. తండ్రి జీవితచరిత్ర 1900లో అచ్చువేయించింది. ఆమె పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం ఇంకోరకంగా: ముసలి డార్విన్‌ని తాను చూడబోతే ఆయన మంచం మీద బైబిలు చదువుతూ పశ్చాత్తాపపడ్డాడని 1915లో అమెరికా పత్రికలో చెప్పింది. డార్విన్ పిల్లలు అది అబద్ధమని కొట్టిపారేశారు. ఇప్పటికీ ఆ కథ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. మన కాటన్ దొర కూతురు పుట్టించిందని తెలిసినవాళ్ళు తక్కువ.

కాటన్ 1899 జులై 24న డార్కింగ్‌లో పోయాడు, 96 ఏళ్ళ వయసులో. డార్కింగ్ శ్మశానంలోనే పూడ్చారు. ధవళేశ్వరంలో ఆయన పేరు మీద బ్యారేజీ ఉంది, మ్యూజియం ఉంది, గోదావరి జిల్లాల్లో ఊరూరా గుర్రం మీద విగ్రహాలున్నాయి. ఇక్కడ ఆ పేరు చెబితే పక్కింటివాళ్ళకు తెలియదు. మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడ గడ్డి కోస్తున్న ఆయన్ని దారి అడిగాను. మీరు ఇండియా నుంచా, అయితే జనరల్ గారి దగ్గరికే అయి ఉంటారు, నెలకొకరైనా వస్తారు అన్నాడు. మా మామగారు కాకినాడ నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్తే చెప్పులు విప్పి, ఆ శ్లోకం పైకే చదివి, బ్యాగులోంచి చిన్న సీసా తీశారు. గోదావరి నీళ్ళు. విమానంలో చెక్-ఇన్ లగేజీలో తెచ్చారట, మాకెవరికీ చెప్పకుండా.

మీరు గిల్డ్‌ఫర్డ్‌లోనే ఉంటారు కాబట్టి తేలిక. గ్యాట్విక్ వైపు పోయే డీజిల్ రైలెక్కితే ఇరవై నిమిషాల్లో డార్కింగ్ డీప్‌డీన్ స్టేషను. అక్కడ దిగి రైగేట్ రోడ్డు పట్టుకుని తూర్పుగా నడిస్తే ఎడం పక్కనో కుడి పక్కనో వెతుక్కోకుండానే శ్మశానం గేటు కనిపిస్తుంది. అటునుంచి అటే బాక్స్ హిల్ ఎక్కండి, పిల్లలకు అదే అసలు పిక్నిక్. 1800లో లబీలియర్ అనే మేజరుని ఆ కొండ మీద తలకిందులుగా పూడ్చారు, లోకమే తలకిందులుగా ఉంది కాబట్టి నేను మాత్రం సరిగ్గా ఉంటానని ఆయన కోరికట. మోల్ నది దాటడానికి కింద రాళ్ళ వరస ఉంది, వానలు ఎక్కువ పడితే మునిగిపోతుంది, అప్పుడు పక్కన వంతెన మీదుగా వెళ్ళండి. పైకి మెట్లుంటాయి గానీ దారి అంతా సుద్దమట్టి, తడిస్తే సబ్బులా జారుతుంది. మంచి బూట్లు వేసుకోండి, పులిహోర కట్టుకుని వెళ్ళండి, పైన కెఫేలో క్యూ పెద్దది.